మా వీధిలో ఏమీ లేదు

మా వీధిలో ఏమీ లేదన్న సంగతి, నలభై ఏళ్ళుగా అక్కడే కాపురం ఉంటున్న నాకు తెలియలేదు. సేఫ్టీ సారు వచ్చి చెబితే తెలిసింది.

ఆయన మునిసిపల్ ఆఫీసులో పేలుడు సరుకు భద్రత చూసే అధికారి. మా ఊరికి ఒక పక్క ఆ సరుకు నిలవ చేసే గిడ్డంగి, ఇంకో పక్క కొండరాయి కొట్టే క్వారీ ఉన్నాయి. రోజూ పొద్దున సరుకు గిడ్డంగి నుంచి క్వారీకి వెళ్ళాలి. మధ్యలో ఊరు అడ్డం. ఇన్నాళ్ళూ ఆ బళ్ళు పెద్ద బజారులోంచే వెళ్ళేవి. ఒకరోజు ఎవరో పెద్దమనిషి బడి గేటు పక్కన ఎర్రజెండా బండిని చూసి ఉలిక్కిపడి పైకి ఫిర్యాదు చేశాడట. దాంతో కొత్త స్థానిక నియమాలు వచ్చిపడ్డాయి. పేలుడు సరుకు బండి బడి ముందు నుంచి పోకూడదు, ఆస్పత్రి ముందు నుంచి పోకూడదు, బజారు, బస్టాండు, సినిమా హాలు, పెట్రోలు బంకు, వేటి ముందు నుంచీ పోకూడదు. సారు ఊరి పటం పరుచుకుని ఎర్ర పెన్సిల్‌తో ఒక్కొక్క వీధే కొట్టేస్తూ వచ్చాడు. చివరికి మా వీధి మిగిలింది.

"మీ వీధిలో ఏమీ లేదండీ, అందుకని," అన్నాడు మా అందరినీ రోడ్డు మీద నిలబెట్టి. ఏదో బహుమతి ఇస్తున్నట్టే ఉంది ఆ మొహం.

"మేం ఉన్నాం కదండీ," అన్నాడు మూలమీద కొట్టున్న దర్జీ.

"మీరంటే ఇళ్ళే కదా. ఇళ్ళు లెక్కలోకి రావు. జనం గుమిగూడే చోటు ఉండాలి."

దర్జీకి రోషం వచ్చింది. తన కొట్టు దగ్గర రోజూ నలుగురు గుమిగూడతారని వాదించాడు. ఆ గుమిగూడేది కుట్టించుకోడానికి కాదని, ఎప్పుడో ఇచ్చిన బట్టల కోసం తగాదా పడడానికని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ వంత పాడలేదు. మా వీధి పేరు పక్కన సారు టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను మాత్రం నోరు మెదపలేదు. మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదు. కానీ ఆ రోజు లోలోపల సంతోషంగా ఉంది. ఎందుకంటే ఆ రెండు బళ్ళు నడిపేది నా ఇద్దరు అల్లుళ్ళు.

రాయి పేలాలంటే రెండు వస్తువులు కావాలి. జిలెటిన్ కడ్డీలు, వాటిని రేపే డిటొనేటర్లు. వేటికవి విడిగా ఉంటే బుద్ధిగానే ఉంటాయి. రెండూ ఒకచోట చేరితేనే భయం. అందుకని వాటిని ఒకే బండిలో ఎక్కించకూడదన్నది మొదటి నియమం. ముందు జిలెటిన్ బండి, దాని మీద మా పెద్దల్లుడు. వెనకాల డిటొనేటర్ల బండి, దాని మీద మా చిన్నల్లుడు. రెండింటి మధ్యా వంద మీటర్లకి తగ్గకూడదు. అలాగని ఒకరికొకరు కనుచూపు దాటి పోకూడదు. అంటే తాకకూడదు, వదలకూడదు. ఆ నియమం రాసిన మహానుభావుడెవరో మా ఇంటి సంగతి పూర్తిగా కనుక్కునే రాసి ఉంటాడని నా అనుమానం.

ఎందుకంటే ఆ ఇద్దరి మధ్యా ఆరేళ్ళుగా మాటల్లేవు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

అంతకుముందు అలా ఉండేవాళ్ళు కాదు. ఒరేయ్ తమ్ముడూ అని ఇతను, అన్నయ్యా అని అతను, నా చిన్నకూతురి పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఒకే స్కూటర్ మీద తిరిగేవాళ్ళు. పెద్దల్లుడు నియమాల మనిషి. మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే అగ్గిపెట్టె ఎక్కడుందో ముందు కనుక్కుని, స్టవ్ దగ్గర్నుంచి తీసి అలమారలో పెట్టేవాడు. అన్నం తింటూ నియమాలు వరసగా అప్పజెప్పేవాడు. మా ఆయన బతికున్న రోజుల్లో "ఆ అల్లుడొస్తే గట్టిగా తుమ్మాలన్నా భయంగా ఉందే" అనేవారు. చిన్నల్లుడు అలా కాదు. నవ్వుమొహం. కానీ అతని చెయ్యీ అంత జాగర్తైనదే. మా ఇంటి తలుపు కూడా చప్పుడు కాకుండా వేసేవాడు.

ఆరేళ్ళ కిందట ఒక పొద్దున, క్వారీ దారిలో, చిన్నల్లుడి బండి ముందు బండికి బాగా దగ్గరగా వచ్చేసింది. పెద్దల్లుడు అద్దంలో చూశాడు. నియమం తప్పినవాణ్ణి చూస్తే పైకి చెప్పితీరాలన్నది ఇంకో నియమం. చెప్పాడు. చిన్నల్లుణ్ణి మూడు నెలలు పనిలోంచి ఆపేశారు. ఎందుకయ్యా అంత దగ్గరికి వెళ్ళావు అని ఆఫీసులో అడిగితే "వెళ్ళాను, అంతే" అన్నాడట. ఇంట్లో పెళ్ళానికీ అదే చెప్పాడు, నాకూ అదే చెప్పాడు. ఆ ఏడాది చివర పెద్దల్లుడికి ఉత్తమ భద్రతా డ్రైవరని గోడగడియారం బహుమానం ఇచ్చారు. అది తెచ్చి హాల్లో తగిలించుకున్నాడు.

ఆ గడియారం ఉన్నంతకాలం ఆ ఇంటి గుమ్మం తొక్కనంది నా చిన్నకూతురు. తప్పు చేసినవాడికి లేని సిగ్గు మాకెందుకంది నా పెద్దకూతురు. మగవాళ్ళు మాట్లాడుకోడం మానేస్తే ఆడవాళ్ళు ఎంత మాట్లాడతారో చూడండి. ఆరు నెలలు ఒకదాని మీద ఒకటి నాకు చెప్పుకున్నారు, ఆ తర్వాత అదీ మానేశారు. ఒకత్తి మా ఇంటికొస్తే రెండోది రాదు. వచ్చేముందు ఫోన్ చేసి "అది ఉందా అక్కడ?" అని కనుక్కునేవాళ్ళు. పిల్లల పుట్టినరోజుకైనా సరే, వంద మీటర్ల దూరం.

ఇక కొత్త దారి వచ్చాక రోజూ పొద్దున నేను గేటు దగ్గర నిలబడేదాన్ని. ముందు పెద్దల్లుడు, నడక వేగంతో, ఎర్రజెండా రెపరెపలాడించుకుంటూ వచ్చేవాడు. తల తిప్పేవాడు కాదు. స్టీరింగ్ మీది వేలొకటి పైకెత్తేవాడు, అంతే. కాసేపటికి చిన్నల్లుడు. తల వంచి నవ్వేవాడు. ఇళ్ళ మధ్య ఆగకూడదని నియమం. కన్నకూతుళ్ళ మొగుళ్ళు ఇంటి ముందు నుంచి పోతుంటే గ్లాసెడు మంచినీళ్ళు ఇవ్వలేని అత్తగారిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. అయినా చూడ్డానికి బాగుండేది. ఆరేళ్ళలో వాళ్ళిద్దరినీ ఒకే చూపులో చూసింది అప్పుడే.

ఒక సంగతి గమనించాను. ముందువాడు ప్రతి నిమిషం అద్దంలో వెనకవాణ్ణి చూస్తాడు. వెనకవాడు ముందువాడి మీదే కళ్ళు పెట్టుకుని నడుపుతాడు. నా కూతుళ్ళని వాళ్ళు అంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు.

ఇంతలో నా గుండె మొరాయించింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. పరీక్షలు చేసి, వాల్వు పాడైంది, మార్చాలి అన్నాడు డాక్టరు. భయపడక్కర్లేదు అని కూడా అన్నాడు గానీ, ఆ ముక్క నా కూతుళ్ళ వైపు చూసి అనాల్సింది నేల వైపు చూసి అన్నాడు. కూతుళ్ళ వైపు అంటున్నానే, అక్కడ ఉన్నది ఒకత్తే. రెండోది సాయంత్రం వచ్చి మళ్ళీ అదే డాక్టరు చేత అదే మాట చెప్పించుకుంది.

ఆపరేషన్ రోజు ఏర్పాట్లు ఎలా చేశారో తెలుసా? పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పెద్దది, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా చిన్నది. ఎదురుపడకుండా మధ్యలో కాస్త ఖాళీ కూడా వదిలారు. ఇది నాతో ఫోన్లో చెప్పింది పెద్దకూతురు, చాలా తెలివైన పని చేసినట్టు.

"మరి ఆ మధ్య ఖాళీలో నేను పోతే?" అన్నాను.

"అవేం మాటలమ్మా!"

"కాదే, తెలుసుకుందామని. నేను ఎవరి డ్యూటీలో పోయినట్టు?"

అది ఫోన్ పెట్టేసింది. నేను చిన్నదానికి చేసి చెప్పాను. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటేనే నేను ఆ టేబుల్ ఎక్కేది, లేకపోతే ఈ పాత వాల్వుతోనే ఉన్నన్నాళ్ళు ఉంటాను అన్నాను. "ముందు వాళ్ళాయనని ఒప్పించు" అంది. పెద్దదాన్నడిగితే "ముందు వాళ్ళాయనని ఒప్పించు" అంది. అక్కచెల్లెళ్ళు ఆరేళ్ళుగా మాట్లాడుకోకపోయినా మాట మాత్రం ఒకటే.

అల్లుళ్ళకి ఫోన్ చేశాను. పెద్దల్లుడు "అతను ఉండే చోట నేను ఉండడం బాగోదు అత్తయ్యగారూ, మాకు పొద్దున అనుకూలం" అన్నాడు. చిన్నల్లుడు "వాళ్ళు పెద్దవాళ్ళు, ముందు వాళ్ళు రానివ్వండి, మేం సాయంత్రం వస్తాంగా" అన్నాడు. ఎంత మర్యాదో! ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పాలంటే ఒళ్ళు మండడం కంటే భయం ఎక్కువ. కళ్ళు మూసుకునే ముందు ఇద్దరు పిల్లల్నీ పక్కపక్కన చూడలేనేమో అనే భయం. ఆపరేషన్ భయం దాని ముందు ఏపాటిది.

అప్పుడు నాకు నియమాలు గుర్తొచ్చాయి. అన్నం తింటూ పెద్దల్లుడు అప్పజెప్పినవి అన్నీ నా తలలో ఉన్నాయి. ఇళ్ళ మధ్య బండి వెనక్కి నడపకూడదు. డ్రైవరు బండిని వదిలి పోకూడదు. డిటొనేటర్లు ఉన్న చోట ఫోన్ వాడకూడదు. దారికి అడ్డం వస్తే రెండు బళ్ళూ ఆగి, బండికొక కాపలామనిషి ఉంటాడు కదా, అతన్ని పంపి కబురు చేసుకోవాలి. ఆ కాపలా ఉద్యోగాలు నియమం పుట్టినప్పట్నుంచీ ఖాళీగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున పెద్దల్లుడి బండిని వెళ్ళనిచ్చాను. వేలెత్తాడు, తలూపాను. బండి నాలుగిళ్ళు దాటగానే వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి రోడ్డు నడిమధ్యన వేసుకుని కూర్చున్నాను.

చిన్నల్లుడు మెల్లగా వచ్చి, ఆపి, ఇంజన్ కట్టేసి దిగాడు. బండి తలుపు మీద ఒక చెయ్యి అలాగే ఉంచాడు. "అత్తయ్యగారూ, ఏంటిది? లేవండి."

"ఈ వీధిలో ఏమీ లేదట బాబూ. సారే చెప్పారు. కాబట్టి నేనూ లేను. నువ్వు పోనిచ్చుకో."

అతనికి నవ్వాగలేదు, భయమూ ఆగలేదు. అటు చివర దర్జీ కొట్టు ముందు జిలెటిన్ బండి కూడా ఆగింది. వెనకబండి అద్దంలోంచి తప్పిపోతే ఆగక తప్పదు మరి. పెద్దల్లుడు దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని ఇటు చూస్తున్నాడు. దర్జీ షట్టర్ సగానికి దించి కింద నుంచి తల బయటపెట్టాడు. అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. వెనక్కి పోవాల్సింది పోయి ముందుకొచ్చారు, అదీ మా వీధి తెలివి.

"ఆయనకి ఎలాగైనా కబురు చెయ్యాలండీ," అన్నాడు చిన్నల్లుడు. "నేను బండి వదలకూడదు."

"నేను వెళ్ళి చెబుతా. ఏం చెప్పను?"

"దారి అడ్డం పడిందని చెప్పండి."

కుర్చీ అక్కడే ఉంచి నడిచాను. ఆ వీధి అంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు. పెద్దల్లుడి దగ్గరికి వెళ్ళేసరికి రొప్పు మొదలైంది. చెప్పాను.

"అడ్డం ఏంటి?"

"నేనే."

ఆయన మొహం మాడిపోయింది. నా మీద కోప్పడలేడు. అందుకని వెనకవాడి మీద కోప్పడ్డాడు. "నియమం తప్పడం అతనికి అలవాటేగా. ఇందులో కూడా ఉన్నాడేమోనని నా అనుమానం. ఆ మాట అన్నానని చెప్పండి."

వెనక్కి నడిచాను. ఆ మాటని నేను మోసుకెళ్ళలేదు, దారిలోనే పారేశాను. చిన్నల్లుడితో "నువ్వు బాగున్నావా అని అడిగాడు" అన్నాను.

"ఆయన అలా అడగరు అత్తయ్యగారూ," అన్నాడతను. "ఏమన్నారో నాకు తెలుసులెండి. గడియారం టైం సరిగ్గా చూపిస్తోందా అని అడిగానని చెప్పండి."

అక్కడో జిలెటిన్, ఇక్కడో డిటొనేటరు. రెండూ నా ఒక్కదాని నోట్లోనే ప్రయాణం. ఇది ఏ నియమానికీ ఒప్పదు. దాన్నీ పారేద్దామనుకునే బయల్దేరాను. కానీ సగం దూరం వెళ్ళేసరికి ఛాతీ బిగదీసుకుపోయింది. మంచి మాట కల్పించాలంటే ఊపిరి కావాలి. నా దగ్గర లేదు. అందుకని ఉన్నదున్నట్టు తీసుకెళ్ళి పెద్దల్లుడి ముందు దించేశాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు జెండా కర్ర సరిచేశాడు, సరిగ్గా ఉన్నదాన్నే. "ఆ రోజు అంత దగ్గరికి ఎందుకొచ్చాడో అది చెప్పమనండి చాలు. ఆరేళ్ళ నుంచీ అదే అడుగుతున్నాను," అన్నాడు.

"ఎవర్ని అడుగుతున్నావు బాబూ?"

ఆయన ఎవర్నీ అడగలేదు. ఆఫీసువాళ్ళు అడిగారు. ఈయన లోపల్లోపలే అడుగుతూ ఉండిపోయాడు. నాకు జాలి వేసింది, దాని వెనకే కోపం వచ్చింది. ఇంత చిన్న ప్రశ్న ఆరేళ్ళు మోసినవాడికి వంద మీటర్లు మొయ్యడానికి నా గుండె కావాల్సి వచ్చింది!

మళ్ళీ నడిచాను. మధ్యలో కాళ్ళు ఆగిపోయాయి. దర్జీ స్టూలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, దాని మీద కూలబడ్డాను. అందులో కొంచెం నటన కూడా ఉందని ఒప్పుకుంటాను, కానీ కొంచెమే. కళ్ళ ముందు చీకటి నిజంగానే వచ్చింది.

"అత్తయ్యగారూ!" అంటూ చిన్నల్లుడు బండి మీంచి చెయ్యి తీసి ఒక అడుగు వేశాడు.

"ఒరేయ్! బండి వదలకు!" అటునుంచి పెద్దల్లుడు అరిచాడు.

ఆరేళ్ళ తర్వాత తోడల్లుడితో మాట్లాడిన మొదటి మాట అది. నియమమే! చిన్నల్లుడు ఎత్తిన కాలు అలాగే ఉంచి నిలబడిపోయాడు. ఒరేయ్ అన్న పిలుపు అతనికి ఎక్కడ తగిలిందో నాకు కనబడింది.

పెద్దల్లుడికి కూడా తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టుంది. ఒకసారి తెరుచుకున్నాక ఆపలేకపోయాడు. "ఎందుకొచ్చావురా ఆ రోజు అంత దగ్గరికి?" అని వీధంతా వినబడేలా అరిచాడు.

చిన్నల్లుడు నా వైపు చూశాడు, గుమ్మాల్లో ఉన్న జనం వైపు చూశాడు. వినకూడని ఆఫీసువాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుంటున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

"నీ వెనక తలుపు గడియ ఊడింది అన్నయ్యా!" అరిచాడు. "పెట్టె జారి అంచుకి వచ్చేసింది! హారన్ కొట్టాను, క్వారీ మిషన్ల మోతలో నీకు వినబడలేదు. దగ్గరికొచ్చి లైట్లు కొట్టాను. నువ్వు అద్దంలో నన్ను చూసి బ్రేకు వేశావు. ఆ కుదుపుకి పెట్టె లోపలికి పోయింది, తలుపు దానంతటది పడింది. నీకు నేను తప్ప ఏమీ కనబళ్ళేదు!"

"మరి చెప్పలేదేంరా?"

"చెబితే? దగ్గరికొచ్చినందుకు నాకు ఎలాగూ మూడు నెలలు. గడియ సరిగ్గా వెయ్యనందుకు నీకు లైసెన్సు పోయేది. అప్పుడు నీకు బడికెళ్ళే పిల్లలు ఇద్దరు."

నేను పెద్దల్లుణ్ణి చూస్తున్నాను. పరుగెత్తుకొస్తాడేమో, కన్నీళ్ళు పెట్టుకుంటాడేమో అని ఎదురు చూశాను. ఆయన మెల్లగా బండి వెనక్కి వెళ్ళాడు. వేసే ఉన్న గడియని చేత్తో పట్టుకుని లాగి చూశాడు. వదిలాడు. మళ్ళీ లాగి చూశాడు. అలా ఎన్నిసార్లు లాగాడో.

తర్వాత నా దగ్గరికి కాదు, తన సీటు దగ్గరికే వెళ్ళాడు. "కుర్చీ తీయించండి అత్తయ్యగారూ. క్వారీలో ఆలస్యమవుతోంది," అన్నాడు.

దర్జీ వెళ్ళి కుర్చీ పక్కకి లాగాడు. రెండు బళ్ళూ ఎప్పటిలాగే ఆ వంద మీటర్ల దూరంతో వెళ్ళిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఊపిరి అంతా ఖర్చుపెట్టి నేను సాధించింది ఒక గడియ పరీక్ష.

మర్నాడు సేఫ్టీ సారు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "పేలుడు సరుకు బండికి అడ్డం పడడం ఎంత నేరమో తెలుసా అమ్మా? కేసు పెట్టొచ్చు."

"పెట్టండి సార్. కానీ ఏమని రాస్తారు? ఈ వీధిలో ఏమీ లేదని మీరే కదా చెప్పారు. మరి మీ బండికి అడ్డం పడింది ఎవరు?"

సారు పటం తీసి మళ్ళీ చూసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పటంలో లేనిది ఎదురుపడితే ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు, అంతే. చివరికి ఒక దారి దొరికింది. ఆ రోజు దర్జీ కొట్టు ముందు జనం గుమిగూడిన మాట నిజమే కాబట్టి, అది జనం గుమిగూడే చోటు కిందికి వస్తుంది కాబట్టి, మా వీధిని కూడా ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాడు. దర్జీ ఆ రోజు చొక్కా కాలరు పైకెత్తుకు తిరిగాడు. ఒక పాత గిరాకీ బట్టలు కూడా కుట్టి ఇచ్చేశాడు. బళ్ళు కొండ వెనక మట్టిరోడ్డు మీదికి మారాయి. అక్కడ నిజంగానే ఏమీ లేదని చెబుతున్నారు, అక్కడివాళ్ళని అడగాలి.

మర్నాటి పొద్దున అలవాటుగా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. రోడ్డు ఖాళీ. పైకెత్తిన వేలూ లేదు, వంచిన తలా లేదు. చేతులారా పోగొట్టుకున్నావు కదే ముసలిదానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒకే బెంచీ అన్న పంతం, ఊపిరందక నేనే వదిలేసి ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. దానికి ముందురోజు పెద్దకూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, ఈయన గోడమీద గడియారం తీసేశారు."

"ఎందుకట?"

"అడిగితే చెప్పరు. తీసి బీరువా మీద బోర్లా పెట్టారు. నాకు టైం ఎంతయిందో తెలీక చస్తున్నా. ఏం జరిగిందమ్మా?"

నేను చెప్పాను. "మరి అది ఎప్పుడూ నాకెందుకు చెప్పలేదు?" అంది. అది అంటే చెల్లెలు. చెల్లెలికీ తెలియదని చెబితే ఒప్పుకోలేదు. తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

ఆస్పత్రిలో నన్ను పొద్దున్నే తయారు చేసి, చక్రాల మంచం మీద పడుకోబెట్టి, వరండాలో ఉంచారు. పెద్దది వచ్చింది, వెనకాల పెద్దల్లుడు. పొద్దుటి డ్యూటీ వాళ్ళదే కదా, సరే అనుకున్నాను. బెంచీ మీద కూర్చున్నారు. బెంచీ పొడుగ్గా ఉంది. ఒక కొసన కూర్చుని మిగతాదంతా ఖాళీగా వదిలారు. నేను ఆ ఖాళీనే చూస్తూ పడుకున్నాను.

కాసేపటికి వరండా చివర చిన్నది కనబడింది. వెనకాల చిన్నల్లుడు, చేతిలో ఫ్లాస్కు. నా గుండె గుభేలుమంది, ఆ పాడైన వాల్వుతోనే. పెద్దది లేచి నిలబడింది. చిన్నది ఆగిపోయింది. ఆరేళ్ళ తర్వాత నా ఇద్దరు పిల్లలూ ఎదురెదురుగా. ఏం మాట్లాడుకుంటారో అని చెవులు రిక్కించాను.

"అమ్మకి ఈ పల్చటి దుప్పటా తెచ్చేది?" అంది చిన్నది.

"నువ్వు తెచ్చావా మరి? వచ్చావుగా చేతులూపుకుంటూ!"

"ఫ్లాస్కు కనబడ్డంలేదా? కళ్ళజోడు మార్పించుకో!"

అంతే, అందుకున్నారు. దుప్పటి దగ్గర మొదలై, చిన్నప్పుడు విరిగిన దువ్వెన దాకా వెళ్ళిపోయారు. ఇద్దరి కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి, నోళ్ళు మాత్రం ఆగడంలేదు. వాల్వు సంగతి నాకు గుర్తే లేదు. ఆరేళ్ళుగా నేను వినాలనుకున్న చప్పుడు అదే.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏంటీ గోల? పేషెంటుకి ఒక్కరే ఉండాలి. మిగతా ముగ్గురూ కిందకి వెళ్ళిపోండి."

ఇక్కడా నియమమే! చిన్నల్లుడు వెంటనే ఫ్లాస్కు బెంచీ మీద పెట్టాడు. "మీరు ఉండండి వదినా, మేం సాయంత్రం వస్తాంలే," అని భార్య భుజం తట్టి వెనక్కి తిరిగాడు. అతను ఎప్పుడూ అంతే.

పెద్దల్లుడు లేచి అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగా కాదు, గట్టిగా, గడియ లాగినట్టు.

"ఎవరూ వెళ్ళరమ్మా," అన్నాడు నర్సుతో. "నలుగురం ఇక్కడే ఉంటాం."

"రూలు ఒప్పుకోదండీ. నేను పైకి చెప్పాల్సొస్తుంది."

"చెప్పమ్మా. చూసినవాళ్ళు చెప్పాల్సిందే." "కానీ రాసేటప్పుడు నా ఒక్కడి పేరే రాయి. వీడి పేరు రాయకు."

నర్సుకేమీ అర్థం కాలేదు. రాయనూ లేదు. నా మంచం చక్రాల బ్రేకు తన్ని లోపలికి తోసింది. నేను తల వెనక్కి తిప్పి, తలుపులు పడేదాకా చూస్తూనే ఉన్నాను. అంత పొడుగు బెంచీ మీద నలుగురూ ఒకే కొసన, ఇరుక్కుని కూర్చున్నారు.